నరసమ్మ టీచరుగారి గుడ్ మార్నింగ్

సింహాద్రి మాస్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. అడిగినవారికి ఏదో ఒక పని చెప్పేవారు. రంగుల పొందిక అంటే ఏమిటని అడిగిన అమ్మాయి పూర్ణా మార్కెట్లో మాస్టారి వెనక కూరల సంచీ మోస్తూ ఒక ఉదయమంతా తిరిగింది. బొమ్మలో ఖాళీ ఎంత వదలాలని అడిగిన కుర్రవాడి చేత తన స్టూడియోలోని ఇనప బీరువాను ఒక గోడ నుంచి ఇంకో గోడకు జరిపించారు. జరిపాక, మళ్లీ మొదటి గోడకే జరపమన్నారు. అందుచేత పెదవాల్తేరులోని ఆ మేడమీది స్టూడియోలో ప్రశ్న అడగదలచినవాళ్లు ముందు తమ నడుము సంగతి చూసుకుని మరీ అడిగేవారు.

కిరీటి అదేమీ చూసుకోలేదు. తణుకు కుర్రవాడు. ఫైనార్ట్స్ చదివి, కంప్యూటర్ మీద బొమ్మలు వేస్తాడు. చెయ్యి మంచిదని మాస్టారే అనేవారు, అతను ఎదుట లేనప్పుడు. హైదరాబాదులో ఒక గ్యాలరీవాళ్లు కొత్తగా పైకి వస్తున్న కొద్దిమంది చిత్రకారులను పిలిచి, ఒక్కొక్కరికీ గోడంత తెర ఇస్తామన్నారు. దాని మీద ఏం చూపిస్తావో నీ ఇష్టం అన్నారు. "నీ ఇష్టం" అన్న మాట విన్నది మొదలు కిరీటికి తిండి సయించలేదు.

చేయవలసినవన్నీ చేశాడు. కొచ్చి వెళ్లి అక్కడ జరిగే పెద్ద కళాప్రదర్శన చూసి వచ్చాడు. ఒక గదినిండా ఉప్పు పోసి ఉంచితే చెప్పులు విడిచి అందులో నిలబడ్డాడు. ఇంకో గదిలో తెర మీద మనుషుల నీడలు ఒకదాన్నొకటి తాకుతూ కదులుతుంటే, కావలివాడు తలుపు వేస్తానని చెప్పేదాకా చూశాడు. ఫోన్లో పోస్టర్లు, కుర్చీలు, అక్షరాలు, ఆటల్లోని రాక్షసులు, సబ్బుపెట్టెల డిజైన్లు వేలకొద్దీ దాచుకున్నాడు. మంచి దీపం కొన్నాడు. తీరా కూర్చుని ఒక గీత గీస్తే, అది ఫలానావారి గీత అని గుర్తుకొచ్చేది. చెరిపేసేవాడు. ఉన్న బొమ్మను చెరపడం కూడా ఎవరో ఇదివరకే కళగా చేసి పేరు తెచ్చుకున్నారని చదివినరోజున మరీ కుంగిపోయాడు.

ఆ స్థితిలో మాస్టారి దగ్గరికి వచ్చి, "మాస్టారూ, చూడవలసినవన్నీ చూశాను. అయినా ప్రేరణ రావడం లేదు. అది ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగాడు.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుంటున్నారు. తుడవడం ఆపకుండానే, "మా అక్క కుడిచెయ్యి విరిగింది" అన్నారు.

"అయ్యో" అన్నాడు కిరీటి.

"షటిల్ ఎలా ఆడాలో అపార్టుమెంటు ఆడవాళ్లకు చూపించబోయి పడింది. ఆవిడ రోజూ పొద్దున్నే గుడ్ మార్నింగ్ బొమ్మ ఒకటి తయారుచేసి వాట్సాప్‌లో పంపుతుంది. ఎడంచేత్తో సాగడం లేదట. కట్టు విప్పేదాకా నువ్వు వెళ్లి చేసిపెట్టు. ఇల్లు సీతమ్మధారలో. సూర్యోదయానికి ముందే ఉండాలి."

కిరీటికి చెంప మీద కొట్టినట్టయింది. అతని మిత్రబృందంలో ఎవరి పనినైనా తీసిపారేయాలంటే "గుడ్ మార్నింగ్ బొమ్మ" అనేవారు. అంతకుమించిన తిట్టు వాళ్ల దగ్గర లేదు. గ్యాలరీకి ఫైలు పంపవలసిన గడువు దగ్గరకొచ్చిందని చెప్పబోయాడు. మాస్టారు అప్పటికే కళ్లజోడు పెట్టుకుని వేరే పని చూసుకుంటున్నారు.

అప్పలనరసమ్మగారు ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయినిగా చేసి రిటైరయ్యారు. ఆవిడ గొంతుకు మైదానం అలవాటు. మూడో అంతస్తు ఫ్లాటులో ఆ గొంతు ఇమిడేది కాదు. మర్నాడు చీకటి విడవకముందే కిరీటి తలుపు కొడితే, కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకునే వచ్చి తీశారు. అతన్ని ఎగాదిగా చూసి, "తమ్ముడు పంపిన ఆర్టిస్టువి నువ్వేనా? వెన్ను నిటారుగా పెట్టు" అన్నారు.

కిరీటి తన టాబ్లెట్టు తీసుకుని కూర్చున్నాడు. చేసి తీరవలసిందే గనక, తన మర్యాద పోకుండా చేద్దామనుకున్నాడు. తెరనిండా బూడిదరంగు పరిచాడు. అడుగున, ఉందా లేదా అన్నట్టు, సన్నని నారింజ గీత ఒకటి లాగాడు. అక్షరాలేమీ పెట్టలేదు. టాబ్లెట్టు ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ దగ్గరగా చూశారు. దూరంగా పెట్టి చూశారు. "ఏటిది?" అన్నారు.

"ఉదయం అండి."

"శుభోదయం అని ఏదీ? సూర్యుడేడీ?"

"రాబోతున్నాడండి. చూసేవాళ్లు ఊహించుకోవాలి."

"పొద్దున్నే పాలపేకెట్టు కత్తిరించుకోవాలా, నీ సూర్యుణ్ణి ఊహించుకోవాలా?" అన్నారావిడ. అయితే బయట నిజం సూర్యుడు అప్పటికే వచ్చేశాడు. ఆలస్యమైపోతోందని, ఇష్టం లేకపోయినా, ఎడమ బొటనవేలితో దాన్ని అలాగే తన ఫోనులోంచి వాట్సాప్ గ్రూపులోకి పంపేశారు.

కాసేపు ఏమీ లేదు. తరవాత అనకాపల్లి నుంచి ఒకావిడ "ఓం శాంతి" అని పెట్టింది. దాని కింద ఇంకొకావిడ చేతులు జోడించిన బొమ్మ పెట్టింది. మూడో ఆవిడ "టీచరుగారి ఆత్మకు శాంతి కలగాలి" అని రాసింది. ఆ తరవాత ఇక వరసే. కిరీటి తలవంచుకుని టీ తాగుతున్నాడు. నరసమ్మగారు ఒక్కొక్కటీ బయటికి చదువుతున్నారు. "నేను బతికే ఉన్నాను" అని ఎడంచేత్తో కొట్టడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. అందులోనూ వేలు తప్పి "నేను బతికే ఉన్నానా" అని వెళ్లింది. దాంతో కొంతమంది బెదిరిపోయి గ్రూపులోంచి తప్పుకున్నారు.

ఇంతలో కాలింగ్ బెల్లు మోగింది. నరసమ్మగారే లేచి తలుపు తీశారు. గుమ్మంలో పోలీసు యూనిఫారంలో ఒక హెడ్ కానిస్టేబులు, చేతిలో పెద్ద బంతిపూల దండ, కళ్లనిండా నీళ్లు. ఎవరి కోసమని దండ తెచ్చిందో ఆవిడే ఎదురుగా నిలబడి "ఏటే బంగారమ్మా, ఈ వేళప్పుడొచ్చావు?" అనేసరికి, ఎన్నో దొంగతనాలు, కొట్లాటలు చూసిన ఆ మనిషి పెట్టిన కేకకు కింద అంతస్తువాళ్లు మెట్లెక్కి వచ్చారు.

బంగారమ్మను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, అందరికీ అన్నీ చెప్పేసరికి ఎండ ముదిరింది. "అది ఉదయమటే. ఆర్టు" అన్నారు నరసమ్మగారు. బంగారమ్మ కిరీటిని పోలీసు చూపు చూసింది. దండ వృథా చేయడం ఎందుకని హాల్లో ఉన్న వెంకటేశ్వరస్వామి పటానికి వేశారు.

రెండోరోజు కిరీటి కసిగా వెళ్లాడు. సూర్యుడే కదా కావాలి అనుకున్నాడు. కొండల మధ్య ఎర్రగా సూర్యుణ్ణి వేశాడు. గులాబీ వేశాడు, గులాబీ మీద మంచుబిందువు వేశాడు. పొగలు కక్కే కాఫీకప్పు, రెండు చిలకలు, పళ్లులేని పసిపాప, పాప తల చుట్టూ తళుకులు. పైన బంగారు అక్షరాలతో శుభోదయం. కింద వెండి అక్షరాలతో వారం పేరు. ఎక్కడా వేలు పెట్టేందుకు సందు లేకుండా నింపాడు. ఇంత అసహ్యంగా చేయడానికి కూడా చెయ్యి తిరిగి ఉండాలని లోలోపల గర్వపడ్డాడు.

నరసమ్మగారు చాలాసేపు చూశారు. కిరీటి మెప్పు కోసం చూడటం లేదు గానీ, మెచ్చుకుంటారనే అనుకున్నాడు.

"అన్నీ పెట్టావు" అన్నారావిడ. "ఇది పంపను."

"ఎందుకండీ? నిన్న లేవన్నవన్నీ ఉన్నాయిగా?"

"ఉన్నాయి. కానీ ఈ బొమ్మ వెక్కిరిస్తోంది బాబూ. డ్రిల్లు చేయిస్తుంటే వెనక వరసలో నిలబడి నన్ను అనుకరించే పిల్లలు ఎప్పుడూ ఒకరిద్దరుండేవారు. నేను వెనక్కి తిరగకుండానే వాళ్లను బయటికి పంపేదాన్ని."

ఆవిడ కోపంగా లేరు. అదే కిరీటికి కష్టంగా ఉంది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, "అసలు వీళ్లంతా ఎవరండీ?" అని అడిగాడు.

"మా ఖోఖో పిల్లలు. జిల్లా పోటీలకు తీసుకెళ్లిన జట్టు. పిల్లలంటే, ఇప్పుడు అమ్మమ్మలైపోయిన వాళ్లూ ఉన్నారులే. గ్రూపు పేరు చూడలేదూ?" అని ఫోను అతని వైపు తిప్పారు. పైన "ఖో" అని ఒక్క అక్షరమే ఉంది. "బంగారమ్మను చూశావు. అనకాపల్లి దానికి బెల్లం కొట్టుంది. ఇదిగో ఇది సూరీడమ్మ. కువైట్లో ఒకరింట్లో పనిచేస్తాది. పగలంతా ఫోను ముట్టుకోనివ్వరు. పొద్దున్న ఇంటివాళ్లు లేవకముందు కాసింతసేపే దానికి చూసుకునే వీలు. ఆ కాసింతసేపట్లో దాన్ని వెక్కిరించమంటావా?"

ఆరోజు బొమ్మ వెళ్లలేదు. నరసమ్మగారు ఫోనులో మాట రికార్డు చేసి పంపారు: "పిల్లలూ, ఈవేళ బొమ్మ లేదు. లేచి పనులు చూసుకోండి." కిరీటి మెట్లు దిగుతూ ఉంటే ఆ గొంతు రెండో అంతస్తు దాకా వినిపించింది.

ఆ పగలంతా అతను గ్యాలరీ పని ముట్టుకోలేదు. సిగ్గు ఒక పక్క, ఆ కువైట్ మనిషి ఆలోచన ఒక పక్క. ఆవిడ ఎలా ఉంటుందో అతనికి తెలియదు. వంటింట్లో దీపం వేయకుండా, గ్యాసుపొయ్యి పక్కన నిలబడి ఫోను చూస్తుందనుకున్నాడు. ఏం చూస్తే బాగుంటుంది?

మూడోరోజు వెళ్లగానే, "టీచరుగారూ, ఖోఖోలో ఎలా కూర్చుంటారండీ?" అని అడిగాడు.

అడగడంలో తప్పులేదు గానీ, ఎవరిని అడుగుతున్నాడో ఆలోచించి ఉండవలసింది. నరసమ్మగారు బల్లా కుర్చీలూ పక్కకు లాగించారు. అతన్ని హాలు మధ్య గొంతుకూర్చోబెట్టారు. "అలా కాదు. మడమ ఎత్తు. చేతివేళ్లు నేలకు తాకించు. తల పక్కకి. నీ పక్కనున్నది అటు చూస్తాది, నువ్వు ఇటు చూస్తావు. వెనక ఏం జరుగుతోందో నీకు కనపడదు. చెవి మాత్రం అక్కడే ఉండాలి."

"ఎంతసేపండీ ఇలా?" అన్నాడు కిరీటి. కాళ్లు అప్పుడే వణుకుతున్నాయి.

"ఎవరైనా వచ్చి నిన్ను తాకేదాకా."

ఆవిడ వెనక్కి వెళ్లినట్టు అతనికి తెలిసింది. తరవాత ఏ చప్పుడూ లేదు. తొడలు మండిపోతున్నాయి. ఆవిడ లోపలికి వెళ్లి మరిచిపోయారేమో అనుకున్నాడు. అనుకుంటుండగానే వీపు మీద ఎడమ అరచెయ్యి ఫట్టుమని పడింది. "ఖో!" అన్న కేకకు కిటికీ అద్దాలు అదిరాయి. కిరీటి తాను ఎప్పుడు లేచాడో, ఎటు పరిగెత్తాడో తరవాత కూడా చెప్పలేకపోయాడు. ఫ్రిజ్జు అడ్డం వచ్చి ఆగాడు. ఫ్రిజ్జు మీది గుడ్ల ట్రే ఆగలేదు.

కింద అంతస్తాయన మళ్లీ మెట్లెక్కి వచ్చి, "ఈసారి ఎవరు పోయారండీ?" అని అడిగాడు.

గుడ్లు తుడవడం తరవాత చూద్దామని కిరీటి ఒక చేత్తో మోకాలు రుద్దుకుంటూ, రెండో చేత్తో కదిలే బొమ్మ ఒకటి మొదలుపెట్టాడు. వరసగా గొంతుకూర్చున్న అమ్మాయిలు, ఒకరు అటు, ఒకరు ఇటు. వీపుల మీద లేత ఎండ. ఒకమ్మాయి వెనకనుంచి పరిగెత్తుకొచ్చి మొదటి వీపు తాకుతుంది. ఆ పిల్ల లేస్తుంది, ఇంకో వీపు తాకుతుంది. ఆ పిల్ల లేస్తుంది. అలా తాకుడు ఒకరినుంచి ఒకరికి వెళ్తుంది. చివరి అమ్మాయి లేచి తెర దాటి బయటికి పరిగెత్తుతుంది. అంతలో మళ్లీ మొదటికొస్తుంది. కొచ్చిలో చూసిన నీడలు ఆ పిల్లల వెనక ఎప్పుడు వచ్చి చేరాయో అతను గమనించలేదు. నేల రంగు తాను దాచుకున్న ఒక పోలండ్ పోస్టరుది, అదీ గమనించలేదు. గమనించే తీరిక లేదు. పక్కన నరసమ్మగారు నిలబడి ఉన్నారు.

"ఆ మడమ దించావేం? లేచేసరికి జారిపడతాది."

"సరిచేస్తానండి."

"జడలకు రిబ్బన్లు కట్టు. గులాబీ ఏదీ?"

"గులాబీ వద్దండి."

"మొన్నటిది తప్ప, గులాబీ లేకుండా నేనెప్పుడూ పంపలేదు."

ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. చివరికి ఒక పిల్ల జడలో చిన్న గులాబీ పెట్టడానికి కిరీటి ఒప్పుకున్నాడు. అక్షరాలకు తళుకులు వద్దని ఆవిడ ఒప్పుకున్నారు. బరికి సున్నంతో గీసే గీతల్లోనే శుభోదయం అనీ, వారం పేరూ వచ్చేలా అతను రాశాడు. "సున్నం కొంచెం చెదరాలి. ఎప్పుడూ చెదిరేది" అన్నారావిడ. చెదిరించాడు.

పంపారు. పంపాక ఇద్దరూ ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నారు. గ్యాలరీనుంచి వచ్చే కబురు కోసం కూడా కిరీటి అలా ఎదురుచూడలేదు.

మొదట అనకాపల్లినుంచి ఫోను వచ్చింది. "టీచరుగారూ, ఆ మూడో పిల్ల నేనేనా?" అంది. నరసమ్మగారు అవుననే లోపల బంగారమ్మ గ్రూపులో, "మూడో స్థానం నాది. కావాలంటే సర్టిఫికెట్టు ఉంది" అని పెట్టింది. రాయపూర్లో ఉన్నావిడ తనకు రెండు జడలుండేవని, బొమ్మలో ఒక్కటే ఉందని ఫిర్యాదు చేసింది. ఇంకొకావిడ ఫైనల్లో తనను ఎవరూ తాకనేలేదని, ఆట అయ్యేదాకా అలాగే కూర్చోబెట్టారని, ఇన్నేళ్లకు ఆ కోపం బయటపెట్టింది. దానిమీద పెద్ద గొడవయింది. మొన్న బెదిరి తప్పుకున్నవాళ్లు తమను మళ్లీ చేర్చుకోమని వేరే ఫోన్లనుంచి అడిగారు.

వీటన్నిటి మధ్య, కువైట్ నుంచి సూరీడమ్మ మాట రికార్డు చేసి పంపింది. వెనక ఎక్కడో గిన్నెల చప్పుడు. బాగా గొంతు తగ్గించి మాట్లాడింది. "టీచరుగారూ, వీపు మీద చెయ్యేసినట్టే ఉంది."

నరసమ్మగారు అది రెండుసార్లు విన్నారు. కట్టు లేని చేత్తో ముక్కు తుడుచుకుని, "ఆ గుడ్లు తుడువు. చీమలు పడతాయి" అన్నారు కిరీటితో.

అతను ఆరోజు వెంటనే ఇంటికి వెళ్లకుండా అక్కడే కూర్చుని జడలు సరిచేశాడు. ఫైనల్లో ఎవరూ తాకని అమ్మాయిని ఈసారి అందరికన్నా ముందు లేపాడు. సాయంత్రానికి ఎవరి స్థానం వాళ్లకు దక్కింది, బంగారమ్మకు మూడోదే. తన గీత ఎవరి గీతలా ఉందన్న ఆలోచన పొద్దుటినుంచీ ఒక్కసారి కూడా రాలేదని అతనికి ఇంటికి పోతూ బస్సులో తట్టింది.

గ్యాలరీకి దాన్నే గోడంత చేసి పంపాలనుకున్నాడు. నరసమ్మగారి అనుమతి అడిగితే, "ముందు మా పిల్లల్ని అడగాలి" అన్నారు. పిల్లలు ఒప్పుకున్నారు. గోడ ఎంత ఎత్తుంటుందని బంగారమ్మ ఒక్కతే వివరంగా అడిగింది. గ్యాలరీవాళ్లకూ నచ్చింది; ఎందుకు నచ్చిందో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి పంపారు. కిరీటి దాన్ని రెండుసార్లు చదివి, అది తన బొమ్మ గురించేనని అడుగున పేరు చూసి నిర్ధారించుకున్నాడు.

ఆ కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చాడు. జరిగిందంతా చెప్పాడు. మాస్టారు విన్నారో లేదో తెలియలేదు. ఒక బ్రష్షు వెంట్రుకలు సర్దుతున్నారు.

"ఇంకొక్కటే మిగిలింది మాస్టారూ" అన్నాడు కిరీటి. "గోడ పక్కన పెట్టడానికి, ఈ పనికి నా ప్రేరణ ఏమిటో నాలుగు వాక్యాలు రాసిమ్మన్నారు. వచ్చినవాళ్లకు అర్థం కావాలిట. ఏం రాయమంటారు?"

మాస్టారు బ్రష్షు కింద పెట్టారు. "వచ్చేవాళ్లు ఎవరో నీకు తెలుసా?"

"తెలియదండి."

"అయితే ఏమీ రాయకు. తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ గుడ్ మార్నింగ్ చెప్పు."

"ప్రదర్శన మొదలయ్యేది సాయంత్రం కదండీ" అన్నాడు కిరీటి.

మాస్టారు అతని ముఖంలోకి చూశారు.

"సరే, గుడ్ ఈవినింగ్ చెప్పు" అన్నారు.